పొడుగు ఆవర్తం

పెళ్ళిలో వాయించేవాడికి జనం ముఖాలు కనపడవు. వీపులు కనపడతాయి. వీడియో తీసేవాడి వీపు, ఫోటోలు తీసేవాడి వీపు, వాళ్ళ వెనక పట్టుచీరల వీపులు. పెళ్ళి జరిగేది వాటన్నిటికీ అవతల. అందుకే చిత్తూరులో ఉంటూ తిరుపతి దాకా పెళ్ళిళ్ళకు డోలు వాయించే గోవిందస్వామి పెళ్ళికొడుకు వైపు చూడడం ఎప్పుడో మానేశాడు. ఆయన కళ్ళు గుంపులోంచి పైకి లేచే వేలు కోసం కాచుకుని ఉంటాయి.

తాళి కట్టే వేళకు పురోహితుడు చూపుడు వేలెత్తి ఆడిస్తాడు. అది చూసి ముందున్న వాళ్ళూ వేళ్ళెత్తుతారు. వేలు ఎవరిదైనా, పాట ఎక్కడున్నా, డోలు ఉన్నపళంగా గట్టిమేళం అందుకోవాలి. అది మోగితే అక్షింతలు లేస్తాయి, తాళి పడుతుంది. పాతకాలం నుంచీ ఉన్న ఏర్పాటు. ఎన్నడూ చెడిపోలేదు.

ఆ రోజు చెడిపోయింది.

తిరుపతిలో ఒక పెళ్ళి. నాదస్వరం ఆయనకు జ్వరం రావడంతో గోవిందస్వామి ఒక సాక్సోఫోన్ కుర్రవాణ్ణి తెచ్చుకున్నాడు. పేరు ఇమ్మానుయేల్. సొంతూరు పూతలపట్టు. శ్రీ సిటీలో ఒక కంపెనీలో షిఫ్టుల పని, తడలో గది, సెలవు దొరికితే ఇట్లా పెళ్ళిళ్ళు. మొదట కీర్తన బుద్ధిగానే వాయించాడు. పల్లవి దాటాక ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగి, ఆ రాగంలో లేని స్వరాలు ఏవో వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్న మనిషి ఒక్కతే, ముందు వరసలో కూర్చున్న కోమలి. పెళ్ళికూతురుతో కలిసి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే అమ్మాయి. గోవిందస్వామికి ఒక్కగానొక్క కూతురు. పాట వినపడితే చాలు, ఆమె చేయి ఒళ్ళో దానంతట అదే తాళం వేస్తుంది. ఆ చేతికి సాక్స్ దొరకలేదు. ఇదిగో, ఇక్కడుంది తాళం, ఇటు రా అన్నట్టు వేలెత్తి ఆడించింది.

గోవిందస్వామికి వేలు కనపడింది.

గట్టిమేళం మోగింది. అక్షింతలు లేచాయి. పెళ్ళికొడుకు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు, రెండు చేతులూ ఖాళీగా. తాళి ఇంకా పళ్ళెంలో కొబ్బరికాయ మీద కూర్చుని, పెద్దలందరి చేతి దీవెనలూ అందుకుంటూ హాలు చివర తిరుగుతోంది. మేనమామ ఒకాయన ఆ పళ్ళెం కోసం పరుగెత్తాడు. పురోహితుడు మంత్రాలను తరుముకుంటూ వచ్చాడు. తాళి పడేసరికి చల్లడానికి ఎవరి చేతిలోనూ ఒక్క గింజ లేదు.

తప్పు ఎవరిదంటే అందరూ సాక్స్ వాడిదన్నారు. కొత్తవాడు, ఊరు కానివాడు. తప్పులు అట్లాంటివాళ్ళ మీద చక్కగా నిలుస్తాయి.

చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఇమ్మానుయేల్ ఆమెను పట్టుకున్నాడు.

"వేలు మీదేనంట కదా."

"నాదే."

"ఎందుకెత్తినారు?"

"నువ్వు తాళం ఇడిసిపెట్టి పోతా ఉంటే పిలిసేదానికి."

"నేను యాడికీ పోలేదు."

"పోయినావప్పా. మా నాయన డోలు తిరుపతిలో ఉండాది, నువ్వు రేణిగుంట దాటేసినావు."

"అది జాజ్. అది అట్లనే ఉంటాది."

"ఏమన్నా కానీ," అంది కోమలి కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "దానికి తాళం ఉండదా?"

ఇమ్మానుయేల్ కుళాయి కట్టేశాడు. వారం ముందు చెన్నైలో ధనంజయ అడిగినదీ ఇదే మాట.

తడ నుంచి చెన్నై ఎంతో దూరం కాదు. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడొక కాఫీ హోటల్ మేడ మీద జాజ్ వాయించేవాళ్ళు కలుస్తారు. పియానో వాయించే ధనంజయ వాళ్ళకు పెద్ద. కొత్తవాళ్ళనూ పిలిచి వాయించమంటాడు. అందరూ కలిసి పాట ఒకసారి వాయిస్తారు. ఆపైన ఒక్కొక్కరూ అదే పాట కొలత మీద తమకు తోచింది అప్పటికప్పుడు అల్లాలి. ఇమ్మానుయేల్ అల్లికకు మొదట్లో తలలూగాయి. కాసేపటికి ఆగిపోయాయి. తను పాటలో ఎక్కడున్నాడో తనకే తెలియలేదు. మిగతావాళ్ళు పాట ముగించి చేతులు తీసేశాక కూడా అతని సాక్స్ ఒంటరిగా అరుస్తూనే ఉంది.

ధనంజయ అతని భుజం మీద చెయ్యేసి, డిసెంబరులో ఒక హాల్లో కచేరీ ఉందని చెప్పాడు. సాక్స్ చోటు ఖాళీగా ఉంది. అప్పటికి పాటలో దారి తప్పకుండా ఉండగలిగితే ఆ చోటు అతనిది. పూతలపట్టు చర్చిలో పాస్టరు వదిలిపోయిన పాత సాక్స్‌తో మొదలుపెట్టి, ఫోనులో విని విని నేర్చుకున్నవాడికి అంతకన్నా పెద్ద మాట ఎవరూ చెప్పలేదు.

"ఉండాది," అన్నాడు కోమలితో, గొంతు తగ్గించి. "నాకే అది దొరకలేదు."

నవ్వబోయిన కోమలి ఎందుకో నవ్వలేదు.

*

పూతలపట్టు దగ్గర ఆ గుజ్జు ఫ్యాక్టరీకి కాపలాదారు శాంతయ్య. ఆయన కొడుకే ఇమ్మానుయేల్. కాయల కాలంలో అక్కడ లారీలు వరస కడతాయి, మనిషి మాట మనిషికి వినపడదు. కాలం అయిపోయాక పెద్ద షెడ్డంతా ఖాళీ. కడిగి బోర్లించిన నీలం డ్రమ్ములు, మెరిసే స్టీలు ట్యాంకులు, వదలని తోతాపురి మామిడి వాసన. సెలవు రోజుల్లో ఇమ్మానుయేల్ అక్కడే సాధన చేసేవాడు.

నిలవ ఉన్న గుజ్జు పాడవకుండా ఉందో లేదో చూడడానికి ల్యాబు వాళ్ళు అప్పుడప్పుడూ వస్తారు. ఆ రోజు సీసాల బుట్టతో కోమలి వచ్చింది.

తలుపు దగ్గరే ఆగిపోయింది.

అతను ఒకే ఒక్క స్వరం ఊదుతున్నాడు. అది షెడ్డు చివరిదాకా పోయి, ట్యాంకులను ఒక్కొక్కటిగా తాకి, లావెక్కి వెనక్కి వస్తోంది. రేకుల సందుల్లోంచి దిగిన ఎండ కూడా సన్నగా వణుకుతున్నట్టుంది. డోలు మోతలో పుట్టి పెరిగిన పిల్ల. శబ్దం ఇంత మెత్తగా ఇంత పెద్ద చోటును నింపుతుందని ఆమెకు తెలియదు. బుట్ట దించడం మరిచిపోయింది.

"శాంతయ్య కొడుకువా నువ్వు?" అంది చివరికి.

అతను తిరిగి చూసి, ముందు ఆమె రెండు చేతుల వైపు చూశాడు.

"భయపడొద్దు. వేలెత్తను," అంది.

ఆ తర్వాత కథ చెప్పించుకుంది. ధనంజయ సంగతి, డిసెంబరు సంగతి, పాటలో తప్పిపోయే సంగతి. అల్లిక మానేసి ఉత్త పాట వాయించమంది. మళ్ళీ వాయించమంది. ఇంకోసారి అంది. కళ్ళు మూసుకుని చేత్తో లెక్క వేసుకుంటూ వింది.

"దీంట్లో ఏముండాదప్పా," అంది కళ్ళు తెరిచి. "తాళం ఒక చుట్టు తిరిగొచ్చే ఆవర్తం పొడుగు, అంతే. మనది ఒక గది ఇల్లు, తిరిగి తిరిగి అదే గుమ్మానికొస్తాము. ఇది నాలుగు గదులు. మొదటిదీ రెండోదీ ఒకే మాదిరి. మూడోదాంట్లో కిటికీ ఇంకోపక్కకు ఉండాది. నాలుగోది మళ్ళీ మొదటి మాదిరే. నువ్వు మూడో గదిలో కిటికీ సూసుకుంటా నిలబడిపోతా ఉండావు."

ధనంజయ ఇదే విషయం ఇంగ్లీషులో, కాగితం మీద గీతలు గీసి చెప్పాడు. అప్పుడు ఇమ్మానుయేల్ అర్థమైనట్టు తల ఊపాడు. ఇప్పుడు చూశాడు. ఇన్నాళ్ళూ చీకట్లో తడుముకున్న ఇల్లు ఒక అమ్మాయి అరచేతిలో గోడలతో, గుమ్మాలతో నిలబడి ఉంది.

కోమలి ఒక ఖాళీ డ్రమ్మును దగ్గరికి లాక్కుంది. రెండు చేతులూ దాని మీద పడ్డాయి. అతను సాక్స్ నోటికి పెట్టుకోవడం మరిచి చూస్తూ నిలబడ్డాడు. ఆ వేగానికి వేళ్ళు కనపడడం లేదు.

"ఎవరు నేర్పినారు?"

"మా నాయనే. చిన్నప్పుడు. పెద్దదాన్ని అయినాక ఆడపిల్లకెందుకని మాన్పించేసినాడు." ఆమె చేతులు ఆగలేదు. "డోలు ముట్టుకోవద్దన్నాడు. డ్రమ్ము గురించి ఏమీ చెప్పలేదు."

*

అట్లా మొదలైంది. అతని సెలవులకూ ఆమె సీసాల బుట్టకూ ఏదో చుట్టరికం కుదిరింది. శాంతయ్య గేటు దగ్గర కూర్చుని అన్నీ చూసి, ఏమీ చూడనట్టు ఉండేవాడు.

కచేరీలంటూ అతనికి దొరికినవి ఏవంటే చర్చి పండగలు, చిత్తూరులో దుకాణాల ప్రారంభాలు, ఇంకెవరివో పెళ్ళిళ్ళు. వినేవాడు లేడు. మంచిదే, తప్పినా పట్టేవాడు లేడు. సినిమా పాట వాయిస్తూనే లోపల ఆ నాలుగు గదులు తిరగడం అలవాటు చేసుకున్నాడు. ఒకనాడు ఫర్నిచర్ దుకాణం ముందు వాయించి, జనం కూల్‌డ్రింకుల కోసం తోసుకుంటుంటే పక్కకొచ్చి ఫోను చేశాడు.

"ఇంటికి వచ్చినాను," అన్నాడు రొప్పుతూ.

"ఏ ఇంటికి? తడకా?"

"నాలుగో గదిలోంచి మొదటి గదికి. తప్పకుండా. మూడుసార్లు."

"కిటికీకాడ నిలబడలేదా?"

"నిలబడినాను. సూసినాను. వచ్చేసినాను."

ఆమె నవ్వు విని, అమ్మకానికి పెట్టిన సోఫాలో కూలబడి, దుకాణం మనిషి చేత తిట్లు తిన్నాడు.

దారి దొరికింది కానీ ఇంకో జబ్బు మిగిలింది. అతను ఆగడు. ఊపిరి తీసుకునేదానికి తప్ప నోరు తియ్యడు. ఆగితే ఎక్కడున్నాడో మరిచిపోతానని భయం. స్వరం మీద స్వరం గుమ్మరించేస్తాడు.

"వినేవాళ్ళకు ఊపిరాడల్ల కదా," అంది కోమలి. "ఒకమాట చెప్పు. ఈ షెడ్డు దానికి బదులు చెప్పేదాకా ఉండు. అది చెప్పినాక ఇంకో మాట చెప్పు."

అది అన్నిటికన్నా కష్టమైంది. మొదట్లో, స్వరం వెళ్ళి వచ్చేలోపలే మళ్ళీ ఊదేసేవాడు. ఆమె డ్రమ్ము మీద మెల్లగా తాళం వేస్తుండేది. ఆ చప్పుడు పట్టుకుని కాచుకునేవాడు. ఆమె ఆపితే తప్పిపోయేవాడు.

ఒక వాన మధ్యాహ్నం ఆ డ్రమ్ము చప్పుడు రోడ్డు మీదికి వినపడింది. రోడ్డు మీద, తడుస్తూ, ఒక గృహప్రవేశం నుంచి ఇంటికి పోతున్న గోవిందస్వామి ఉన్నాడు. ఆ చేతులకు అక్షరం దిద్దించినవాడు ఆయనే. మోపెడు ఆపి లోపలికి వచ్చాడు. వెనకే గొడుగుతో శాంతయ్య పరుగెత్తుకొచ్చాడు.

గోవిందస్వామి అరవలేదు. అరిస్తే బాగుండేది. కూతుర్ని చూశాడు, డ్రమ్మును చూశాడు, ఆ గట్టిమేళం కుర్రవాణ్ణి చూశాడు. ఎంత కాలంగా అని అడిగాడు. కోమలి డిసెంబరు కచేరీ సంగతితో సహా దాచకుండా చెప్పింది. చేసుకుంటే ఇమ్మానుయేల్‌నే చేసుకుంటానని కూడా చెప్పేసింది. ఆ మాట ఇమ్మానుయేల్ వినడమూ అదే మొదటిసారి.

అడ్డు చెప్పడానికి కారణాలు చాలా ఉన్నాయని అక్కడున్న నలుగురికీ తెలుసు. సగం అతని పేరులోనే ఉన్నాయి. ఇంకొకరైతే ముందు అవే ఎత్తుకునేవాళ్ళు. గోవిందస్వామి ఎత్తలేదు. పెళ్ళిళ్ళలో భోజనం చివరి బంతిలో, ఒక్కోసారి వంటశాల వెనక తిన్న మనిషి. ఆ మాటలు ఎట్లా తగులుతాయో తెలుసు.

"డిసెంబరులో ఏందో కచేరీ ఉండాదంట కదా, దానికి నేనొస్తా," అన్నాడు. "నా బిడ్డ పక్కన లేకుండా వాయించు. తాళంలో నిలబడితే మాట్లాడదాం. తప్పితే, ఇంకెప్పుడూ ఈ షెడ్డుకాడ ఆమె నీ పక్కన నాకు కనపడకూడదు. నువ్వే సెప్పల్ల ఆమెకు, రావొద్దని. సెప్తావా?"

ఇమ్మానుయేల్ కోమలి వైపు చూడలేదు. "చెప్తాను పెద్దాయనా," అన్నాడు.

*

కచేరీ రోజు చిత్తూరు నుంచి చెన్నై దాకా వాన. బస్సు కిటికీ పక్కన గోవిందస్వామి కండువా మడత విప్పుతూ, మళ్ళీ పెడుతూ కూర్చున్నాడు. కోమలి తినడానికి ఏమీ తెచ్చుకోలేదు.

హాల్లో అడుగుపెట్టి ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ వేదిక వైపే తిరిగి కూర్చున్నారు. ఎవరూ తినడం లేదు. ఎవరి పిల్లకు ఎంత చదువో ఎవరూ అడగడం లేదు. ఇంకా వాయించేవాళ్ళు రాలేదు, అప్పుడే గొంతులు తగ్గించుకున్నారు.

"ఈళ్ళంతా ఎవరి తాలూకు?" అన్నాడు కూతురితో మెల్లగా.

"ఎవరి తాలూకూ కాదు నాయనా. వినేదానికి వచ్చినారు."

"వినేదానికే?"

"వినేదానికే."

ఆయన చెప్పులు విడవబోయి, ఎవరూ విడవలేదని చూసి, ఆగి, అయినా విడిచి వచ్చి కూర్చున్నాడు.

ధనంజయ పియానో దగ్గర. పక్కన బాస్ గిటారు, డ్రమ్స్. ఇమ్మానుయేల్ ఇస్త్రీ చొక్కాలో, చర్చికి పోయే ముఖంతో వచ్చి నిలబడ్డాడు. అందరూ కలిసి పాట ఒకసారి వాయించారు. గోవిందస్వామి చేయి తొడ మీద మొదలైంది. ఆయనకు ఈ సంగీతం కొత్త. తాళం కొత్త కాదు. రెండో చుట్టుకే నాలుగు గదులూ పట్టేశాడు. ఇక కుర్రవాడి కోసం కాచుకున్నాడు, గుంపులో వేలు కోసం కాచుకున్నట్టు, రెప్ప వెయ్యకుండా.

ఇమ్మానుయేల్ వంతు వచ్చింది.

చిన్న మాటతో మొదలుపెట్టాడు. ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టు. మొదటి గది దాటాడు, రెండోది దాటాడు. మూడోదాంట్లో ఒక స్వరం అందుకుని పైకి, ఇంకా పైకి తీసుకుపోయి, అక్కడ వదిలేసి, సాక్స్ నోట్లోంచి తీసేశాడు.

నిశ్శబ్దం.

డ్రమ్స్ అతను కర్రను ఇత్తడి పళ్ళెం మీద ఆనించీ ఆనించనట్టు పెట్టాడు. పియానో వేళ్ళు గాల్లో ఉన్నాయి. అంత మందిలో ఒక్క దగ్గు లేదు. పైకప్పు మీద వాన వినపడింది. గోవిందస్వామి చేయి కొడుతూనే ఉంది. ఇప్పుడు రావాలి. రాలేదు. సరే, ఇప్పుడు. రాలేదు. పోయినాడు, అనుకున్నాడు ఆయన. తప్పిపోయినాడు పిల్లోడు. పక్కనున్న కూతురు ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు. పంతం నెగ్గుతున్నందుకు సంతోషం రావాలి, రాలేదు. రా నాయనా, రా, అని ఆయన పెదవులు కదిలాయి.

నాలుగో గది గుమ్మం మీద, వెంట్రుకవాసి ముందు కాదు, వెంట్రుకవాసి వెనక కాదు, సాక్స్ దిగింది. డ్రమ్సూ పియానో కూడా అదే అడుగు మీద దాంతోపాటు దిగాయి. నేల అదిరినట్టయింది.

"భళా," అన్నాడు గోవిందస్వామి.

మెల్లగా అన్నాననుకున్నాడు. డోలు మోత మీద మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు, హాలంతా వినపడింది. తలలు తిరిగాయి. వేదిక మీద ధనంజయ నవ్వాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, పాట మధ్యలోనే హాలంతా అందుకుంది. గోవిందస్వామి తలొంచుకుని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

*

కచేరీ అయ్యాక, వాన తగ్గేదాకా జనం వరండాలో నిలబడ్డారు. ఇమ్మానుయేల్ పెట్టె భుజానికి తగిలించుకుని వచ్చాడు. గోవిందస్వామి కాఫీలు తెస్తానని చెప్పి పోయాడు. కాఫీ ఆ పక్కన ఉంటే ఈ పక్కకు పోయాడు.

"పెద్దాయన ఏమన్నాడు?" అన్నాడు ఇమ్మానుయేల్.

"అందరికీ వినపడింది, నీకే వినపడలేదా?"

"నువ్వేమంటావు?"

కోమలి వాన చూసింది.

"అంతసేపు ఎట్ల ఆగినావు?"

"నువ్వుండావు కదా. నీ చేతి చప్పుడు వినపడింది. షెడ్డులో మాదిరే. అది పట్టుకునే దిగినాను."

ఆమె అతని వైపు తిరిగింది. చాలా నెమ్మదిగా చెప్పింది.

"నేను తాళం వెయ్యలేదు. నువ్వు నోట్లోంచి సాక్స్ తీస్తానే నా చేయి ఆగిపోయింది. పాట మధ్యలో అట్ల ఎప్పుడూ ఆగలేదు. ఒళ్ళో పడి ఉండాది, అంతే. నిన్నే సూస్తా ఉండిపోయినాను."

ఇమ్మానుయేల్ భుజం మీది పెట్టె కిందికి దించాడు.

"అయితే నాకు వినపడింది ఎవరిది?" అన్నాడు ఇమ్మానుయేల్.

"నీదే."

అతను తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు, ఎవరో ఏదో పెట్టిపోయినట్టు. ఆమె ఆ చేతిలో తన చెయ్యి పెట్టింది. వరండాలో అంతమంది ఉన్నారు, ఎవరూ చూడలేదు. చూసినా ఏం చేస్తారు, చెన్నై వాళ్ళు.

గోవిందస్వామి చూశాడు. మూడు కాఫీ కప్పులు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. చూడనట్టు దగ్గాడు. చేతులు విడిపోయాయి.

"శాంతయ్యకు ఫోను కలుపు," అన్నాడు.

ఇమ్మానుయేల్ కలిపి ఇచ్చాడు. అవతల శాంతయ్య కొడుకు ఫోనులో కొత్త గొంతు విని అదిరిపోయినట్టున్నాడు. పిల్లోడికి ఏమైందని అడుగుతున్నాడు, ఇవతలికి కూడా వినపడేంత గట్టిగా.

"నీ కొడుక్కేం కాలేదబ్బా. బాగుండాడు. రాజా మాదిరి ఉండాడు," అన్నాడు గోవిందస్వామి. "నేను గోవిందస్వామిని. కోమలి నాయనను. నువ్వు మా ఇంటికి రావల్ల. అమ్మీని, అబ్బయ్యను గురించి మాట్లాడాల. గుడా, సర్చా, మీ వాళ్ళేమంటారు, మా వాళ్ళేమంటారు, అన్నీ ఉండాయి. కొట్లాట తప్పదు. అందుకే సెప్తా ఉండా, అన్నం మా ఇంట్లోనే. కొట్లాట తిన్నాక పెట్టుకుందాం."